గ్రాఫ్ జూమ్ చేస్తే పక్కకి ఎందుకు జారిపోతుంది? ఆపేదెలా?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ ఫోన్‌లో లెక్కలు చదువుకునేవాళ్ళకి, చార్టులు చూసేవాళ్ళకి రోజూ తగిలే విషయం. ఒక గ్రాఫ్ ఓపెన్ చేస్తారు. ఒకచోట కొంచెం దగ్గరగా చూద్దామని రెండు వేళ్ళు పెట్టి సాగదీస్తారు. గ్రాఫ్ పెద్దదవుతుంది, బానే ఉంది. వేళ్ళు తీసేసరికి మాత్రం మీరు చూడాలనుకున్న చోటు స్క్రీన్ మీద ఉండదు. వెనక్కి లాగుతారు, ఈసారి ఇంకోవైపు పోతుంది. నాలుగుసార్లు కుస్తీ పట్టాక విసుగొచ్చి పేజీ మూసేస్తారు.

మూసేస్తే ఫర్వాలేదండీ. మూసేయకుండా, జారిపోయిందని కూడా తెలియకుండా, ఆ కనిపించిందే నిజం అనుకుంటే? అసలు సమస్య అక్కడుంది. ముందు అది చూద్దాం, తర్వాత ఎందుకు జారుతుందో, దాన్ని ఎలా ఆపాలో చూద్దాం.

వీడియో చూడకుండా ఇక్కడ రాసింది చదువుతున్నవాళ్ళకి ఒక మాట: స్క్రీన్ మీద చూపించే అంకెలన్నీ నోటితో కూడా చెప్తున్నాను, కాబట్టి ఏదీ మిస్సవ్వరు. వీలైతే పక్కన డెస్మోస్ గానీ జియోజీబ్రా గానీ ఓపెన్ చేసి పెట్టుకోండి. రెండూ ఫ్రీగా దొరికేవే.

ఈ ఈక్వేషన్ తీసుకోండి: వై = ఎక్స్² − 2ఎక్స్ + 0.99. ఇంటర్ మ్యాథ్స్ చదివినవాళ్ళకి తెలుసు, ఇది పారాబోలా. ప్రశ్న ఏంటంటే, ఈ గీత ఎక్స్ యాక్సిస్‌ని ఎన్ని చోట్ల కోస్తుంది?

గ్రాఫ్ మొదట తెరిచినప్పుడు ఎక్స్ యాక్సిస్ మైనస్ 10 నుంచి ప్లస్ 10 వరకూ కనిపిస్తోంది అనుకుందాం. అంటే మొత్తం 20 యూనిట్లు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వెబ్ పేజీకి అడ్డంగా దొరికే చోటు సుమారు 360 పిక్సెల్స్. ఇవి వెబ్ పేజీ లెక్కలో పిక్సెల్స్, గ్లాస్ కింద ఉండే అసలు చుక్కలు ఇంకా చాలా ఎక్కువే. సో, ఒక యూనిట్‌కి 18 పిక్సెల్స్ వచ్చాయి. మన పారాబోలా అసలు యాక్సిస్‌ని కోసేది 0.9 దగ్గర, 1.1 దగ్గర. రెండిటికీ మధ్య దూరం 0.2, అంటే స్క్రీన్ మీద 3.6 పిక్సెల్స్. యాక్సిస్ కిందికి దిగేది ఎంతో తెలుసా? 0.01 యూనిట్. పిక్సెల్‌లో ఐదో వంతు కూడా లేదు! గీసిన గీత మందమే రెండు మూడు పిక్సెల్స్ ఉంటుంది కదా, ఇక ఏం కనిపిస్తుంది? గీత 1 దగ్గర యాక్సిస్‌ని అలా ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయినట్టు ఉంటుంది. చూసినవాళ్ళు "రూట్ ఒక్కటే, 1 దగ్గర" అనేస్తారు.

అందుకే జూమ్ చేయాలి. 20 రెట్లు జూమ్ చేస్తే స్క్రీన్‌లో ఒక్క యూనిట్టే పడుతుంది, 0.5 నుంచి 1.5 వరకూ. ఇప్పుడు 0.9 అనేది ఎడమ అంచు నుంచి 144వ పిక్సెల్ దగ్గర, 1.1 అనేది 216వ పిక్సెల్ దగ్గర ఉంటాయి. మధ్యలో 72 పిక్సెల్స్ ఖాళీ. రెండు రూట్స్ విడివిడిగా, చక్కగా.

ఇప్పుడు గ్రాఫ్ ఒక 150 పిక్సెల్స్ ఎడమవైపుకి జారింది అనుకోండి. 0.9 స్క్రీన్ బయటికి పోయింది. 1.1 మాత్రం 66వ పిక్సెల్ దగ్గర హాయిగా కనిపిస్తోంది. గీత ఎడమ అంచు నుంచి యాక్సిస్‌ని అంటుకున్నట్టే వచ్చి, 1.1 దగ్గర పైకి లేచిపోతుంది.

మా పిన్ని కొడుకు ఇంటర్ సెకండ్ ఇయర్. వాడికి ఏదో ప్రాక్టీస్ యాప్‌లో సరిగ్గా ఇలాంటి గ్రాఫే వచ్చింది. "అన్నా, ఒక్కచోటే కట్ అవుతోంది, 1.1 దగ్గర" అన్నాడు. "స్క్రీన్ ఎడమ అంచున ఎంతుందో చదవరా" అన్నా. "సున్నా పాయింట్ తొమ్మిది ఒకటి... ఓహ్." వాడికి అక్కడే అర్థమైపోయింది. డిస్క్రిమినెంట్ వేసి చూశాడు: 4 మైనస్ 3.96, అంటే 0.04. సున్నా కంటే ఎక్కువ, కాబట్టి రూట్స్ రెండు. వాడికి ఫార్ములా వచ్చు కాబట్టి సరిపోయింది. గ్రాఫ్ చూసే నేర్చుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్లకి ఆ ఫార్ములా ఇంకా రాదు. ఆ అమ్మాయికి కనిపించిందే నిజం.

జూమ్ చేయకపోతే ఒక తప్పు జవాబు, జూమ్ చేసి జారితే ఇంకో తప్పు జవాబు. బాగుంది కదా!

సరే, 150 పిక్సెల్స్ అని ఊరికే చెప్పలేదు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో కాసేపట్లో చెప్తా. ముందు అసలు జూమ్ అంటే కంప్యూటర్‌కి ఏంటో చూద్దాం.

గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్‌కి అడ్డంగా తెలిసినవి రెండే అంకెలు: స్క్రీన్ ఎడమ అంచున ఎంత, కుడి అంచున ఎంత. కదపడం అంటే రెండు అంకెలకీ ఒకే మొత్తం కలపడం. జూమ్ అంటే రెండిటి మధ్య తేడా తగ్గించడం. ఇంతే. ఇప్పుడు 0 నుంచి 100 వరకూ ఉన్న గ్రాఫ్‌ని రెండు రెట్లు జూమ్ చేయమన్నాను. తేడా 50 అవ్వాలి. కానీ ఏ 50? 0 నుంచి 50? 25 నుంచి 75? 40 నుంచి 90? మూడూ రెండు రెట్ల జూమ్‌లే. ఏది సరైనదో "జూమ్" అనే మాటలో లేదు.

సాగే గుడ్డ ఒకటి ఊహించుకోండి. దాని మీద ఒకచోట గుండుసూది గుచ్చి, నాలుగు వైపులా సాగదీశారు. సూది ఉన్నచోటు కదలదు, మిగతా గుడ్డంతా కదులుతుంది. జూమ్ కూడా అంతే. ఒక్క పాయింట్ మాత్రమే నిలబడుతుంది, మిగతావన్నీ జరగాల్సిందే. కాబట్టి "కదలకుండా జూమ్ అవ్వాలి" అని మనం అడిగేది నిజానికి "సూది ఎక్కడ గుచ్చాలి" అనే ప్రశ్న.

పై లెక్కలో మీకు కావాల్సింది 80 దగ్గర ఉన్న శిఖరం అనుకోండి. ప్లస్ బటన్ నొక్కితే చాలా యాప్‌లు స్క్రీన్ మధ్యలో సూది గుచ్చుతాయి. 25 నుంచి 75 వస్తుంది. 80 ఎగిరిపోయింది! మీరు గ్రాఫ్‌ని ముట్టుకోనేలేదు, ఒట్టి బటన్ నొక్కారు, అయినా పోయింది. అదే వేళ్ళు 80 మీద పెట్టి సాగదీస్తే, 80 స్క్రీన్‌లో ఉన్నచోటే ఉండాలి, అంటే ఎడమ నుంచి 80 శాతం దగ్గర. లెక్క వేస్తే 40 నుంచి 90. మీకు కావాల్సింది ఇదే.

మరి వేళ్ళతో చేసినా జారుతోంది కదా అంటారా? అక్కడికే వస్తున్నా.

రెండు వేళ్ళతో సాగదీయడాన్ని పించ్ అంటారు, అంటే గిల్లడం. 2006లో జెఫ్ హాన్ అనే ఆయన టెడ్ వేదిక మీద పెద్ద టచ్ స్క్రీన్ పెట్టి, వేళ్ళతో ఫొటోలు సాగదీసి చూపిస్తే జనం నోరెళ్ళబెట్టారు. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపించినప్పుడు అదే పని అరచేతిలోకి వచ్చేసింది. ఆ రెండిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: మీ వేలి కింద ఉన్న చోటు ఎప్పుడూ మీ వేలి కిందే ఉండాలి. ఫొటోకి ఇది అద్భుతం. కాగితాన్ని చేత్తో పట్టుకున్నట్టే ఉంటుంది.

కానీ ఈ సూత్రం ప్రకారం రెండు వేళ్ళు ఒకేసారి రెండు పనులు చెప్తున్నాయి. వేళ్ళ మధ్య దూరం ఎంత పెరిగిందో అది జూమ్. వేళ్ళ మధ్య బిందువు ఎంత జరిగిందో అది కదలిక. మీరు ఒకటే చెప్పాననుకుంటారు, ఫోన్ రెండూ వింటుంది.

ఒకసారి మీ చెయ్యి చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు పెట్టి స్క్రీన్ మీద సాగదీయండి. బొటనవేలు దాదాపు కదలదు, చూపుడువేలే పరిగెడుతుంది. చేతి ఎముకల అమరికే అంత. బొటనవేలు 100వ పిక్సెల్ దగ్గర ఆగిపోయి, చూపుడువేలు 200 నుంచి 300కి వెళ్ళిందనుకోండి. దూరం 100 ఉన్నది 200 అయింది, రెండు రెట్లు జూమ్. మధ్య బిందువు 150 దగ్గర ఉన్నది 200కి వచ్చింది. అంటే 50 పిక్సెల్స్ కదలిక కూడా మీరు చెప్పినట్టే, మీకు తెలియకుండా. ప్రతి గిల్లుడికీ ఇంత.

దీనికి మందు సింపుల్. వేళ్ళు పెట్టిన మొదటి క్షణంలో మధ్య బిందువు ఎక్కడుందో అక్కడ సూది గుచ్చేసి, తర్వాత వేళ్ళు తీసే వరకూ దూరం ఎంత మారిందో మాత్రమే పట్టించుకోవాలి. మధ్య బిందువు ఎటు పోయినా వదిలేయాలి. వేలి కింద చోటు వేలి కిందే ఉండదు, కాస్త తప్పుతుంది. ఫొటోలో అయితే అది చిరాగ్గా ఉంటుంది. గ్రాఫ్‌లో మాత్రం నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే గ్రాఫ్‌లో మనం పట్టుకునేది కాగితాన్ని కాదు, ఒక జవాబుని.

ఇప్పుడు ఆ 150 పిక్సెల్స్ సంగతి.

మీరు రెండు వేళ్ళూ ఒకే క్షణంలో ఎత్తలేరు. ఎవ్వరూ ఎత్తలేరు. సెకనులో చిన్న ముక్కే కావచ్చు, ఒక వేలు ముందు లేస్తుంది. ఆ ముక్క సమయంలో స్క్రీన్ మీద ఒక్క వేలే ఉంది. ప్రోగ్రామ్ రాసినవాళ్ళు జాగ్రత్తపడకపోతే ఏమవుతుందంటే, నిన్నటిదాకా, సారీ, క్షణం ముందు దాకా రెండు వేళ్ళ మధ్య ఉన్న కేంద్రం ఒక్కసారిగా మిగిలిన వేలి మీదకి దూకుతుంది. ఎడమ వేలు 30 దగ్గర, కుడి వేలు 330 దగ్గర ఉన్నాయనుకోండి. మధ్య దూరం 300, కేంద్రం 180. కుడి వేలు ముందు లేచింది. కేంద్రం 180 నుంచి 30కి వచ్చింది. ప్రోగ్రామ్ దృష్టిలో మీరు గ్రాఫ్‌ని 150 పిక్సెల్స్ ఎడమకి లాగారు. పాపం మీరు చెయ్యి తీశారంతే!

జూమ్ అయిపోయాక చివర్లో టక్కున ఒక గెంతు గెంతుతుంది చూశారా, అది ఇదే. మన పారాబోలాలో 0.9 బయటికి పోవడానికి ఈ ఒక్క గెంతు చాలు.

దీనికీ మందు ఉంది. రెండు వేళ్ళతో మొదలైన పని రెండు వేళ్ళూ లేచే వరకూ పూర్తి కాలేదని ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకోవాలి. ఒకటి లేచాక మిగిలిన వేలు ఏం చేసినా చెవిన వేసుకోకూడదు. కోడ్‌లో రెండు మూడు లైన్ల పని. మీలో ఎవరైనా బీటెక్ ప్రాజెక్టుకి గ్రాఫ్ పెడుతుంటే ఇది ముందు చెక్ చేసుకోండి. ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో టెస్ట్ చేస్తే ఈ గెంతు ఎప్పటికీ దొరకదు, మౌస్‌కి రెండు వేళ్ళు ఉండవు కదా. నిజం ఫోన్‌లో, నిజం చేత్తో చూడాల్సిందే.

ఇంకో రకం జారుడు ఉంది, అది జూమ్‌కి సంబంధమే లేనిది. మీరు పేజీని కిందికి స్క్రోల్ చేస్తున్నారు, పాఠం చదువుతూ. మధ్యలో గ్రాఫ్ వచ్చింది. మీ వేలు దాని మీద పడింది. పేజీ ఆగిపోయింది, గ్రాఫ్ పైకి పోయింది. పాఠంలో "కింది గ్రాఫ్‌లో గీత యాక్సిస్‌ని తాకుతోంది చూడండి" అని ఉంటుంది, గ్రాఫ్‌లో చూస్తే యాక్సిసే ఉండదు.

ఒక్క వేలి మీద ఇద్దరికి హక్కు ఉండటం వల్ల వచ్చిన గొడవ ఇది. పేజీ నాది అంటుంది, గ్రాఫ్ నాది అంటుంది. గూగుల్ మ్యాప్స్‌ని వేరే వెబ్‌సైట్లలో పెట్టేటప్పుడు దీనికి ఒక రాజీ చేశారు. మీరు చూసే ఉంటారు, మ్యాప్ మీద ఒక్క వేలు పెట్టి లాగితే మ్యాప్ మసకబారి, కదపాలంటే రెండు వేళ్ళు వాడమని ఒక మెసేజ్ వస్తుంది. ఒక్క వేలు పేజీకి, రెండు వేళ్ళు మ్యాప్‌కి. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్ కీ పట్టుకుని స్క్రోల్ చేస్తేనే జూమ్. డెవలపర్లకి ఇచ్చే సెట్టింగ్‌లో ఈ పద్ధతికి వాళ్ళు పెట్టిన పేరు కోఆపరేటివ్. అన్నీ మ్యాపే లాక్కునే పద్ధతికి పెట్టిన పేరు గ్రీడీ, అంటే అత్యాశ. పేరు పెట్టినవాళ్ళకి దండం!

వెబ్‌లో దీని కీలకం టచ్-యాక్షన్ అనే ఒక సీఎస్ఎస్ లైన్. వేలు తగిలిన మరుక్షణమే బ్రౌజర్ నిర్ణయం తీసుకోవాలి, ఇది నా స్క్రోలా, పేజీ ప్రోగ్రామ్ పనా అని. ముందుగా చెప్పి ఉంచకపోతే బ్రౌజర్ స్క్రోల్ మొదలుపెట్టేసి, ప్రోగ్రామ్‌కి "నీ టచ్ క్యాన్సిల్" అని కబురు పంపేస్తుంది. గ్రాఫ్‌కి టచ్-యాక్షన్‌ని పాన్-వై అని పెడితే, నిలువుగా లాగేది పేజీకి, మిగతావన్నీ గ్రాఫ్‌కి. నన్ అని పెడితే అన్నీ గ్రాఫ్‌కే. చాలామంది నన్ పెట్టేసి వదిలేస్తారు. ఫోన్ స్క్రీన్ అంతా గ్రాఫే ఉన్నప్పుడు వేలు పెట్టి స్క్రోల్ చేయడానికి అంచున అరంగుళం కూడా మిగలదు, పేజీలో ఇరుక్కుపోతారు.

సరే, మనం వాడే టూల్స్‌లో ఏముంది?

డెస్మోస్‌లో రెంచ్ గుర్తు నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి, అందులో లాక్ వ్యూపోర్ట్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్ చేస్తే గ్రాఫ్ కదలదు. కానీ జూమ్ కూడా అవ్వదు, రెండూ కట్టిపడేస్తుంది. జియోజీబ్రాని వెబ్ పేజీలో పెట్టేటప్పుడు ఇచ్చే సెట్టింగ్ కూడా ఇలాంటిదే, కదలికకీ జూమ్‌కీ కలిపి ఒకటే స్విచ్. టీచర్ ప్రొజెక్టర్ మీద చూపించడానికి ఇది బావుంటుంది. చదువుకునేవాడి చేతికిచ్చే గ్రాఫ్‌కి మాత్రం నాకు నచ్చదు. గ్రాఫ్ ఇచ్చిందే గెలికి చూడమని కదా, తాళం వేసి ఇస్తే అది బొమ్మ అవుతుంది.

జర్మనీలో బేరాయిట్ యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన జేఎస్ఎక్స్‌గ్రాఫ్ అనే లైబ్రరీ ఉంది. ఫ్రీ, ఓపెన్ సోర్స్. ఇందులో కదపడానికి, జూమ్‌కి వేరువేరు సెట్టింగ్స్ ఉన్నాయి. కదపడం పూర్తిగా ఆపేసి జూమ్ మాత్రం ఉంచొచ్చు. లేదా రెండు వేళ్ళు పెడితేనే కదలాలి అని చెప్పొచ్చు, కంప్యూటర్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుంటేనే అని చెప్పొచ్చు. పైగా నేను ఇందాక చెప్పిన సూది ఎక్కడ గుచ్చాలో కూడా అడుగుతుంది, వేళ్ళ మధ్యనా, బోర్డు మధ్యలోనా అని. గ్రాఫ్ లైబ్రరీ అంటే ఇలా ఉండాలి అనిపించింది నాకు. చార్ట్ డాట్ జేఎస్ వాడేవాళ్ళకి జూమ్ ప్లగిన్‌లో ఈ రెండూ విడిగానే ఉంటాయి, ఎక్కడివరకు వెళ్ళొచ్చో హద్దులు కూడా పెట్టొచ్చు. ప్లాట్‌లీలో వేలితో లాగితే ఏం జరగాలో డ్రాగ్‌మోడ్ అనే సెట్టింగ్ చెప్తుంది, అది ఆఫ్ చేసేయొచ్చు. రెండుసార్లు నొక్కితే గ్రాఫ్ మొదటి చోటుకి వచ్చేస్తుంది.

ఆ చివరి మాట వదిలేయకండి. మొదటి చోటుకి తెచ్చే బటన్ లేని గ్రాఫ్ అంటే ఇంటి దారి తెలియని ఊర్లో వదిలేసినట్టే. లాక్ ఉన్నా లేకపోయినా అది మాత్రం ఉండాలి.

కోడ్ గొడవ మాకెందుకు, మేం ఒట్టి వాడేవాళ్ళం అంటారా? మీకు మూడు పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

ఒకటి, వేళ్ళు మానేసి అంకెలు టైప్ చేయండి. డెస్మోస్‌లో అదే రెంచ్ కింద ఎక్స్ యాక్సిస్ ఎక్కడినుంచి ఎక్కడికి, వై యాక్సిస్ ఎక్కడినుంచి ఎక్కడికి అని పెట్టెలు ఉంటాయి. మన ఈక్వేషన్‌కి ఎక్స్ 0.5 నుంచి 1.5, వై మైనస్ 0.02 నుంచి 0.02 ఇవ్వండి. మామూలు జూమ్‌లో రెండు యాక్సిస్‌లూ ఒకేలా సాగుతాయి, అందుకే 20 రెట్లు చేసినా ఆ లోతు 3.6 పిక్సెల్సే. ఇలా విడిగా ఇస్తే, గ్రాఫ్ ఎత్తు కూడా 360 పిక్సెల్స్ అనుకుంటే, అదే లోతు 90 పిక్సెల్స్ అవుతుంది. గిన్నెలా కనిపిస్తుంది! వేలు ఎక్కడా తగల్లేదు కాబట్టి జారడానికి ఏమీ లేదు. అమెరికాలో డిగ్రీకి వెళ్దామని ఎస్ఏటీ రాసేవాళ్ళు ఇది బాగా అలవాటు చేసుకోండి. డిజిటల్ ఎస్ఏటీ పరీక్ష లోపలే డెస్మోస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద కంగారులో వేళ్ళు ఎటు పోతాయో చెప్పలేం.

రెండు, ఒక్క వేలి జూమ్. గూగుల్ మ్యాప్స్ యాప్‌లో ట్రై చేయండి: రెండుసార్లు నొక్కండి, రెండోసారి వేలు ఎత్తకుండా అలాగే పట్టుకుని పైకీ కిందికీ లాగండి. జూమ్ అవుతుంది. ఉన్నది ఒక్క వేలే కాబట్టి మధ్య బిందువు గొడవ లేదు, చివరి గెంతూ లేదు. బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడ్డప్పుడు దీనికి మించింది లేదు. అన్ని గ్రాఫ్ యాప్‌లలో ఇది లేదు, ఉండి ఉంటే బాగుండేది.

మూడు, జవాబు చెప్పేముందు నాలుగు అంచులూ చదవండి. ఎడమ ఎంత, కుడి ఎంత, పైన ఎంత, కింద ఎంత. ట్రేడింగ్ యాప్‌లు చూసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. చాలా చార్టుల్లో మీరు అడ్డంగా కొంచెం జరిపితే నిలువు స్కేల్ దానంతటదే మారిపోతుంది. స్క్రీన్‌లో ఉన్న ధరలు 99 నుంచి 101 మధ్యే ఉంటే, ఆ రెండు రూపాయల తేడానే స్క్రీన్ నిండా పరుచుకుని కొండ మీంచి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. గీత మారలేదు, ధర మారలేదు, కిటికీ మారింది. దాన్ని చూసి కంగారుపడి అమ్మేసేవాళ్ళు ఉన్నారు, డబ్బు మాత్రం నిజం డబ్బే.

ఇక తయారుచేసేవాళ్ళకి ఒక్క విషయం. జారుతోంది కదా అని పించ్‌నే తీసేయకండి. కొంతమంది గ్రాఫ్‌కే కాదు, పేజీ మొత్తానికీ జూమ్ ఆపేస్తారు. చూపు సరిగ్గా లేనివాళ్ళు ఆ పేజీలో అక్షరం కూడా పెద్దది చేసుకోలేరు. ఇది ఎంత ఎక్కువైందంటే, 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచి ఐఫోన్ సఫారీ బ్రౌజర్, జూమ్ వద్దని పేజీ చెప్పినా వినడం మానేసింది. మీరు వద్దన్నా వాడేవాళ్ళకి జూమ్ అవుతుంది.

అలాగే, రెండు వేళ్ళు పెడితేనే పని జరగాలి అని పెట్టి చేతులు దులుపుకోకూడదు. వేళ్ళు వణికేవాళ్ళు ఉంటారు, ఒక్క చెయ్యే వాడగలిగేవాళ్ళు ఉంటారు. వెబ్ అందరికీ అందాలని రాసిన డబ్ల్యూక్యాగ్ నియమాల్లో 2018లోనే ఒకటి పెట్టారు, రెండు వేళ్ళతో చేసే ప్రతి పనికీ ఒక్క వేలితో చేసే దారి కూడా ఉండాలని. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో లాగడం గురించి కూడా చేర్చారు, లాగకుండా ఒట్టి నొక్కుడుతో అయ్యే దారి ఉండాలని. కాబట్టి ప్లస్, మైనస్, నాలుగు బాణాలు, మొదటి చోటుకి తెచ్చే ఇంటి గుర్తు, ఇవి మూలన చిన్నగా పెట్టండి. ప్లస్ నొక్కినప్పుడు సూది స్క్రీన్ మధ్యలో కాకుండా, వాడేవాళ్ళు చివరగా ముట్టుకున్న పాయింట్ మీద గుచ్చితే ఇంకా మంచిది. ఇందాకటి 80 శిఖరం ఎగిరిపోదు.

నేనే ఒక పాఠానికి గ్రాఫ్ పెట్టాల్సి వస్తే: ఒక్క వేలు పేజీకి వదిలేస్తా. రెండు వేళ్ళతో జూమ్, సూది మొదటి క్షణంలోనే గుచ్చేస్తా. కదపడానికి బాణాలు ఇస్తా. పాఠంలో మాట్లాడుతున్న పాయింట్ స్క్రీన్ దాటిపోతే, ఏ అంచు వైపు పోయిందో అక్కడ చిన్న బాణం గుర్తు వెలిగేలా పెడతా. మా పిన్ని కొడుకు చూసిన గ్రాఫ్‌లో ఎడమ అంచున ఆ ఒక్క గుర్తు ఉండుంటే వాడు నన్ను అడిగేవాడే కాదు.

ఇప్పుడు మీకో పని. అదే ఈక్వేషన్‌లో 0.99 తీసేసి 0.9999 పెట్టండి. రూట్స్ ఎక్కడొస్తాయో ముందు కాగితం మీద లెక్క వేసుకోండి, వర్గమూలం సింపుల్‌గానే వస్తుంది. తర్వాత మీ ఫోన్‌లో, మీరు రోజూ వాడే యాప్‌లో, ఒట్టి వేళ్ళతో రెండు రూట్స్ విడిగా కనిపించే దాకా జూమ్ చేయండి. దారిలో ఎన్నిసార్లు జారిందో, వేళ్ళు ఎత్తేటప్పుడు గెంతిందో లేదో చూడండి. గెంతితే ఏ వేలు ముందు ఎత్తారో గమనించి, ఈసారి రెండో వేలు ముందు ఎత్తి చూడండి. అటువైపు గెంతుతుంది.